ఎండుచేపల కొట్టు వెనక కత్తి గేమ్

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, బడి నుంచి వచ్చి కంచం ముందు కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. అవతల ఆడగొంతు "ఫోనమ్మక్కేనా?" అంది. చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. ఆ పేరుతో నన్ను పిలిచి పాతికేళ్ళు దాటింది.

"నానక్కా, ఎండుసేపల కొట్టు... మా యమ్మ ఎల్లిపోనాది. నిన్న తెల్లారగట్ల. నీకు సెప్పమని ముందే సెప్పి ఉంచినాది."

ఆ మాట వినగానే నాకు ముందుగా గుర్తొచ్చినవి ఆవిడ చేతులు. పొట్టి వేళ్ళు, లావు కణుపులు. చూపుడువేలు మీద వల దారం కోసిన పాత గాట్లు. వాటి పక్కనే, తర్వాత వచ్చి చేరిన సోల్డరింగ్ మచ్చలు. ఒడిశాలోని మా బరంపురంలో అలాంటి చేతులు మరో మనిషికి ఉండి ఉండవు.

ఆవిడ పేరు రాయను. రాసినా ఊళ్ళో ఎవరికీ తెలియదు. బడా బజార్ వెనక సందులో తెలుగువాళ్ళకి ఆవిడ పిన్ని, ఒడియావాళ్ళకి మావుసీ. నాకూ పిన్నే. పుట్టింది గోపాల్‌పూర్ పక్కన సముద్రం ఒడ్డు పల్లెలో. భర్తకి ఆయాసం. పడవ ఎక్కలేని మనిషి. అందుకని ఇద్దరూ కూతుర్ని తీసుకుని బరంపురం వచ్చి, సందులో ఒక గది అద్దెకి పట్టి, ఎండుచేపల కొట్టు పెట్టుకున్నారు. మా మేనమామది పక్కనే ఎస్టీడీ బూత్. దిగపహండి దగ్గర మా ఊరి నుంచి నన్ను తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. బూత్ చూసుకుంటూ ప్రైవేటుగా డిగ్రీ కట్టుకోమన్నాడు. మాకూ ఆ కొట్టుకీ మధ్య ఉన్నది చెక్క గోడ. అవతల మాట్లాడేది ఇవతలికి వినిపించేది, ఇవతల మాట్లాడేది అవతలికి. నాకు ఫోనమ్మ అని పేరు పెట్టింది ఆవిడే.

కొట్టు ముందు సగంలో బాబాయి కూర్చుని ఎండుచేపలు అమ్మేవాడు. వెనక సగానికి అడ్డంగా ఒక గోనెపట్టా వేలాడేది. పట్టా వెనక వీడియో గేమ్ మెషీన్ ఉండేది. బీరువా అంత పొడవు, మధ్యలో టీవీ తెర, తెర కింద ఒక కర్ర, కర్ర పక్కన రెండు బొత్తాలు. బిళ్ళ వేస్తే ఆట మొదలు. తొంభైల మొదట్లో బరంపురంలో అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు.

పిన్ని తమ్ముడు బొంబాయిలో ఒక గేముల పార్లర్లో మెషీన్లు తుడవడం, బాగుచేయడం చేసేవాడట. అక్కడ కొత్తవి దిగినప్పుడు పాతదొకటి తుక్కుకి వేయబోతే, అడిగి తీసుకుని, గడ్డి చుట్టి, లారీలో అక్కకి పంపాడు. దించేటప్పుడు పైన పేరున్న అద్దం పగిలిపోయింది. ఆ ఆట అసలు పేరేమిటో దాంతో ఊరికి తెలియకుండా పోయింది. తెర మీద ఒక మనిషి రెండు చేతులతో పెద్ద కత్తి పట్టుకుని ఎడమ నుంచి కుడికి పోతూ ఉంటాడు. అడవి, కోట, పడవ, గుహ. ఎదురొచ్చిన వాళ్ళని కొట్టాలి, దూకాలి, తప్పుకోవాలి. జనం దాన్ని కత్తి గేమ్ అన్నారు.

తెరలో ఎరుపు రంగు పనిచేసేది కాదు. అందుచేత ఆ వీరుడు ఒళ్ళంతా నీలంగా ఉండేవాడు. రాముడే అని కొందరు, కాదు జగన్నాథుడి మనిషి అని కొందరు వాదించుకునేవాళ్ళు. మొన్నామధ్య మా అన్న కూతురు తన ఫోన్‌లో అదే ఆట చూపించింది. ఇప్పటికీ ఎక్కడెక్కడివాళ్ళో ఆడుతున్నారట, దాన్ని చూసి ఎన్నో కొత్త ఆటలు పుట్టాయట. అందులో వీరుడు మామూలు ఒంటి రంగుతో, ఎర్రబట్టలతో ఉన్నాడు. "ఇతను కాదు" అన్నాను. ఆ పిల్ల నవ్వింది.

తమ్ముడు ఒకసారి వచ్చి రెండు రోజులున్నాడు. మెషీన్ వెనక తలుపు తీసి ఎక్కడ దుమ్ము తుడవాలో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో, ఏ తీగ ఎక్కడికి పోతుందో చూపించాడు. తర్వాత గల్ఫ్ వెళ్ళిపోయాడు. పిన్నికి ఉన్న చదువల్లా ఆ రెండు రోజులే. మిగతాదంతా ఆవిడ సొంతం. కర్ర పైన ఉండే గుండు విరిగిపోతే, వలకి కట్టే బెండు చెక్కి దాన్ని బిగించింది. లోపల స్ప్రింగు తెగితే సైకిల్ ట్యూబు ముక్కలు కోసి కట్టింది. ఒకసారి బొత్తం నొక్కితే కత్తి లేవడం మానేసింది. రేడియో షాపులో సోల్డరింగ్ ఐరన్ కొనడానికి నన్ను తోడు తీసుకెళ్ళింది. షాపాయన ఆవిడ ముక్కుకి రెండు పక్కలా ఉన్న పుడకల్ని, మోకాళ్ళ కిందికి కట్టిన చీరనీ చూసి, "ఎవరికమ్మా? మీ ఇంట్లో మెకానిక్కున్నాడా?" అన్నాడు.

"ఉన్నాది" అంది పిన్ని. "ముందు నువ్వొకసారి ఎలగంటిస్తారో సూపించు. రెండోసారి నాను సేత్తాను. తప్పైతే సెప్పు."

ఆయన చూపించాడు. ఆవిడ చేసింది. ఆయన ఆ అతుకుని వెలుతురులో పెట్టి చూసి, "మా దగ్గర పని చేస్తావా?" అని అడిగాడు. ఆయన హాస్యానికి అడగలేదు. వల ముడికీ, తీగ అతుక్కీ పెద్ద తేడా లేదని, రెండింటికీ చెయ్యి వణక్కూడదని దారిలో పిన్ని నాకు చెప్పింది. ఆ పూట ఆవిడ నడక చూడాలి. బజారంతా తనదే అన్నట్టు నడిచింది.

ఒంటరిగా ఉన్నప్పుడు అడ్డపొగ కాల్చేది. చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం మా వైపు ఆడవాళ్ళకి అలవాటే. ఎవరైనా వస్తే తీసి ఆర్పి చెవి మీద పెట్టుకునేది. పొట్టి మనిషి, మెషీన్ ముందు నిలబడితే తెర అందేది కాదు. చేపల పెట్టె ఒకటి బోర్లించి దాని మీద ఎక్కేది. పొద్దున్నే కొట్టు తీయక ముందు, మెషీన్ సరిగ్గా ఉందో లేదో చూసుకునే వంకతో ఆడుకునేది. చెక్క గోడ ఇవతల నేను చదువుకుంటూ కత్తి చప్పుళ్ళు వినేదాన్ని. ఆవిడ ఎంత బాగా ఆడుతుందో సందులో నాకు తప్ప ఎవరికీ తెలియదు. జనం ముందు ఎప్పుడూ కర్ర ముట్టుకునేది కాదు. "బిళ్ళేసినోల్లు ఆడుకోవాల. నాను మజ్జిలో ఎందుకు" అనేది.

మెషీన్ గదికి ఎండుచేపల వాసన పట్టేసింది. కాలేజీ కుర్రాళ్ళు గంటసేపు ఆడి ఇంటికెళితే చొక్కాలు వాసన కొట్టేవి. శాకాహారుల ఇళ్ళలో అబద్ధాలు నడిచేవి కావు. ఒకడు మా బూత్ ముందు నిలబడి ఒళ్ళంతా పౌడరు చల్లుకోవడం నేను కళ్ళారా చూశాను.

ఆవిడకి కొన్ని పట్టుదలలుండేవి. బడి వేళలో బడి బట్టలతో వస్తే లోపలికి రానిచ్చేది కాదు. ఆట పోయిందన్న కోపంతో మెషీన్‌ని గుద్దితే ఆ పూటకి వాడి ఆట చాలు. "దానికి నొప్పెట్టదు బావు. నీ సెయ్యికి నొప్పెడతాది. రేపు రా" అని భుజం పట్టుకుని బయటికి తెచ్చేది. అన్నిటికన్నా పెద్ద పట్టుదల పందాల మీద. ఒకసారి అస్కా నుంచి వచ్చిన ఇద్దరు, గట్టిగా ఎదిగిన మగాళ్ళు, ఎవరు ఎక్కువ దూరం పోతారని డబ్బు పందెం కాసుకున్నారు. గోడ అవతల ఆ మాట నాకు వినబడింది. మరుక్షణం మెషీన్ చప్పుడు ఆగిపోయింది. పిన్ని ప్లగ్ పీకేసింది.

"మావుసీ, మా బిళ్ళ పోయింది కదా" అన్నాడొకడు.

"ఇదిగో నీ బిళ్ళ. ఎల్లండెల్లండి. పందాలకి ఏరే సోట్లున్నాయి."

వాళ్ళు వెళ్ళాక మా బూత్‌లోకి వచ్చి బల్ల మీద కూర్చుంది. ముఖం నల్లబడిపోయింది. మంచినీళ్ళిచ్చాను. తాగి చెప్పింది. తన తండ్రి పేకాటలో వల ఒడ్డి పోగొట్టాడట. ఆ తర్వాత పడవ. ఆ పడవని వేరేవాళ్ళు నెట్టుకుపోతుంటే ఇల్లంతా ఒడ్డున నిలబడి చూశారట. అప్పటికి ఆవిడకి తొమ్మిదేళ్ళు.

"ఆ పడవకి రంగేసింది నానే ఫోనమ్మా. మా యయ్యా నానూ" అంది. మళ్ళీ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

నేను ఆ మెషీన్ జోలికి పోయేదాన్ని కాదు. అది మగపిల్లల గోల అనుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం బేరాలు లేని వేళ, ఆవిడే నా చెయ్యి పట్టుకుని పట్టా వెనక్కి తీసుకెళ్ళింది.

"ఒక్కపాలి పట్టు."

"నాకు రాదు పిన్నీ."

"రాదని తెల్సు. అందుకే పట్టమంతన్నాను."

పట్టాను. అడవిలో నాలుగడుగులు వేశానో లేదో, చెట్టు మీంచి ఎవడో దూకి నన్ను చంపేశాడు. నాకు నవ్వాగలేదు. మళ్ళీ చచ్చాను. మళ్ళీ నవ్వాను. పిన్ని నా పక్కన నిలబడి, "సచ్చినా నవ్వుతున్నావు, నీకొత్తాది" అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని తల కొంచెం ఎత్తింది. "నీ మనిసినే సూస్తన్నావు. ఆడెక్కడికీ పోడు, నీ సేతిలోనే ఉన్నాడు. తెరంతా సూడు. ఎవులు ఎటునించొస్తన్నారో సూడు." ఆ వేసవిలో నేను కోట దాకా వెళ్ళాను. డిగ్రీ పరీక్షలో రెండుసార్లు తప్పి, ఇక కట్టనని కూర్చున్నదాన్ని, ఆ ఏడే మూడోసారి కట్టాను. పాసయ్యాను. తర్వాత పంతులమ్మనయ్యాను. మెషీన్ వల్లే పాసయ్యానని అనను. కానీ ఫారం తెచ్చి నా ముందు పెట్టింది మాత్రం పిన్నే.

మెషీన్ చివరికేమైందో ఇక్కడే చెప్పేస్తాను. ఇళ్ళలో టీవీకి తగిలించుకునే గేములు వచ్చాయి, తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పట్టా వెనక్కి వచ్చేవాళ్ళు తగ్గారు. ఒక తుఫానుకి సందులోకి నీళ్ళొచ్చి, మెషీన్ కింద సగం మూడు రోజులు మునిగింది. ఆవిడ బోర్డు విప్పి ఎండబెట్టి, అతుకులన్నీ మళ్ళీ వేసి, ఇంకో రెండేళ్ళు నడిపించింది. ఆ రెండేళ్ళూ కూతురు పక్కనే కూర్చుని చూసింది. ఇవాళ ఆ కూతురు ఎలక్ట్రానిక్స్ నేర్పే మాస్టరు. ఆమె క్లాసులో మొదటి రోజు పిల్లలకి అతుకు వేయడం తను చేసి చూపించి, రెండోసారి వాళ్ళ చేత చేయిస్తుందట. ఆ రోజుల్లో పట్టా వెనక బిళ్ళలు వేసిన వాళ్ళలో ఒకతను అస్కాలో మోటారు వైండింగ్ షాపు పెట్టాడు. ఇంకొకతను బెంగళూరులో ఎక్కడో ఆటలు తయారుచేసే కంపెనీలో ఉన్నాడని విన్నాను. పౌడరు చల్లుకున్నవాడు అతనే.

ఇక ఒక సోమవారం సంగతి. పిన్ని తలపుకొచ్చినప్పుడల్లా నా మనసు ఆ రోజుకే వెళుతుంది.

ఊళ్ళో కొందరు తండ్రులు కలిసి పోలీసులకి అర్జీ పెట్టారు. ముందు నడిచింది రిటైరైన ఒక హెడ్మాస్టరుగారు. ఆయన చెడ్డవాడు కాదు. మనవడు ట్యూషన్ ఎగ్గొట్టి ఇక్కడ దొరికాడు, అదీ ఆయన బాధ. అర్జీలో, ఎండుచేపల కొట్టు వెనక యంత్రం పెట్టి జూదం నడుపుతున్నారని రాశారు. కొట్టుకి నోటీసు వచ్చింది. పిన్నికి చదవడం రాదు కనుక నా దగ్గరికి తెచ్చింది. ఒడియాలో ఉంది. నేను చదివి చెప్పాను. జుఆ అని, అంటే జూదమని తేలితే మెషీన్ తీసుకుపోతారు, కేసు పెడతారు.

"ఏటన్నావు? జుఆ అని రాసినారా?"

"అవును పిన్నీ. జుఆ అనే ఉంది."

కాగితం తీసుకుని, ఆ మాట ఎక్కడుందో చూపించమంది. చూపించాను. ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. "మెషీన్ పట్టుకెల్తే పట్టుకెల్లనీ. ఈ మాట మాత్రం నా మీద ఉండకూడదు" అంది.

ఆ రోజు సాయంత్రం బూత్‌కి ఫోన్ చేసుకోవడానికి వచ్చిన ఒక లాయరు గుమాస్తాని అడిగాను. గెలుపు అదృష్టం మీద ఆధారపడితే జూదం, పనితనం మీద ఆధారపడితే కాదు అని చెప్పాడు. నేను కూర్చుని ఇంగ్లీషులో రెండు పేజీలు జవాబు రాశాను. పిన్నికి చదివి వినిపించాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "ఇదంతా నువ్వు సెప్పినావు. నాను సెప్పింది రాయి" అంది. ఒడియాలో రెండు వాక్యాలు రాయించింది. "ఇది జుఆ కాదు. వచ్చి చూడండి." కింద వేలిముద్ర వేసింది.

వచ్చారు. ఆ సోమవారం పొద్దున్న పదకొండింటికి ఒక ఇన్‌స్పెక్టరు, వెంట ఇద్దరు కానిస్టేబుళ్ళు, హెడ్మాస్టరుగారు, ఇంకో నలుగురు తండ్రులు. సందంతా నిండిపోయింది. నేను బూత్‌కి తాళం వేసి పిన్ని పక్కన నిలబడ్డాను. గోనెపట్టా పైకెత్తి కట్టేశాం. ఇన్‌స్పెక్టరు ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని లోపలికొచ్చాడు. ఒడియాయన, కానీ తెలుగు అర్థమవుతుంది.

"ఏం మావుసీ, రమ్మని నువ్వే రాశావటగా? ఇప్పుడు చెప్పు. ఇది జుఆ ఎలా కాదు?" అని ఒడియాలో అడిగాడు.

"ముందు తవురొకపాలి ఆడండి బావు."

ఆయన నవ్వి, టోపీ సర్దుకుని కర్ర పట్టుకున్నాడు. చెట్టు మీంచి దూకినవాడు ఆయన్నీ చంపేశాడు. ఒక బిళ్ళకి ఉండే మూడు ప్రాణాలూ అడవిలోనే పోయాయి. కానిస్టేబుల్ ఒకతను ఆడాడు, అతనిదీ అదే గతి. హెడ్మాస్టరుగారిని అడిగితే వద్దని చేతులు కట్టుకున్నారు.

పిన్ని చెవి మీద చుట్ట తీసి బాబాయికిచ్చింది. పెట్టె బోర్లించి ఎక్కింది. "ఇదే మెషీను. ఇదే బిళ్ళ. అదురుస్టమైతే నాకూ మీకూ ఒకటే కదా. సూడండి" అంది.

నేను ఆ రోజు దాకా విన్నానే కానీ ఆవిడ ఆడడం చూడలేదు. అంత పెద్ద కణుపుల చేతులు అంత మెత్తగా కదులుతాయని అనుకోలేదు. ఎక్కడా తొందర లేదు. చెట్టు మీంచి దూకేవాడు నేల మీద పడేసరికి కత్తి అక్కడ సిద్ధంగా ఉంది. అడవి దాటింది, కోట దాటింది. పడవ మీదికి వెళ్ళేసరికి సందులో గోల ఆగిపోయింది. ఇంతవరకూ ఎవరూ చూడని గుహ తెర మీద కనిపించేసరికి, రోజూ వచ్చే కుర్రాళ్ళు నోళ్ళు తెరిచారు. గుహ చివర కొమ్ముల రాజు ఉంటాడు. ఆ తలుపు ముందుకి ఆవిడ మనిషి చేరాడు. తలుపు తెరుచుకుంటోంది.

కరెంటు పోయింది.

తెర నల్లగా అయిపోయింది. జనమంతా ఒక్కసారి అయ్యో అన్నారు. హెడ్మాస్టరుగారు మెల్లగా, "అదృష్టం బాగోలేదు" అన్నారు. ఆ మాటలో ఎగతాళి లేదు, నిజంగానే జాలిపడ్డారు.

పిన్ని పెట్టె దిగలేదు. వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. "అదురుస్టమేటి మాస్టారూ? కరెంటు పోనాది. వత్తాది."

ముప్పావుగంట రాలేదు. ఆ ముప్పావుగంటలో ఆవిడ కొట్టు ముందు సగంలోకి వెళ్ళి, వచ్చిన ఒకామెకి ఎండు నెత్తళ్ళు తూచి ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు టీ తెప్పించుకుని తాగుతూ, "చాల్లే మావుసీ. బాగానే ఆడావు. ఆలోచించి రాస్తాను" అన్నాడు.

"ఆలోసించి రాయకండి బావు. సూసి రాయండి. ఒకపాలి అదురుస్టం అనుకుంటారు. రెండోపాలి కూడా అంత దూరం ఎల్తే మరేటంటారు?"

ఆయన హెడ్మాస్టరుగారి వైపు చూశాడు. హెడ్మాస్టరుగారు కట్టుకున్న చేతులు విప్పి, "రెండోసారి కూడా వెళితే నేనే అర్జీ వెనక్కి తీసుకుంటాను" అన్నారు.

కరెంటొచ్చింది. పిన్ని కొంగు నడుముకి బిగించి మళ్ళీ పెట్టె ఎక్కింది. మళ్ళీ అడవి నుంచి మొదలు. ఈసారి ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు, కత్తి చప్పుడు, అంతే. కోటలో ఒక ప్రాణం పోయింది. పడవ మీద ఇంకోటి పోయింది. ఇక మిగిలింది ఒకటే. గల్లాపెట్టె వదిలి ఎప్పుడూ లేవని బాబాయి, ఆయాసంతో రొప్పుతూ వచ్చి పెట్టె పక్కన నిలబడ్డాడు. ఆవిడ తల తిప్పలేదు. గుహ దాటింది. తలుపు తెరుచుకుంది.

కొమ్ముల రాజు తెరలో సగం ఉన్నాడు. నోట్లోంచి నిప్పు కక్కుతున్నాడు. పిన్ని కొట్టడం మానేసింది. ఊరికే తప్పుకుంటోంది. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. "మారో మావుసీ, మారో" అని ఇన్‌స్పెక్టరు తనకి తెలియకుండానే గొణుగుతున్నాడు. ఆవిడ కొట్టలేదు. వాడు ప్రతిసారీ నిప్పు కక్కాక ఒక్క క్షణం తల దించుతాడు. దానికోసం చూస్తోంది. వాడు తల దించాడు. కత్తి లేచింది. తప్పుకుంది. మళ్ళీ దించాడు. మళ్ళీ లేచింది. ఎన్నిసార్లో నాకు తెలియదు, నేను మధ్యలో కళ్ళు మూసేసుకున్నాను. ఒక్కసారిగా అరుపులు వినిపించి కళ్ళు తెరిచేసరికి రాజు కూలిపోతున్నాడు.

కానిస్టేబుళ్ళు ఈలలు వేశారు. కుర్రాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి గెంతుతున్నారు. బాబాయి కళ్ళు తుడుచుకుంటున్నాడు. హెడ్మాస్టరుగారు జేబులోంచి అర్జీ నకలు తీసి, నాలుగు మడతలు పెట్టి, చించి, ముక్కలు మళ్ళీ జేబులోనే వేసుకున్నారు. "మీ మీద రాయకూడని మాట రాశానమ్మా" అన్నారు పిన్నితో, తెలుగులో.

"మనవడు సదూకోవాలని రాసినారు. ట్యూసనేలకి ఆడొస్తే నానే మీ ఇంటికి తోలుకొస్తాను. అది నా పూచీ" అంది ఆవిడ.

ఇన్‌స్పెక్టరు కాగితం మోకాలి మీద పెట్టుకుని అక్కడికక్కడే రాసి, చదివి వినిపించాడు. జుఆ కాదు, చేతి పనితనం. పిన్ని నా వైపు చూసింది. నేను తలూపాను. ఇక జనం కదలబోయారు.

"ఆగండి" అంది పిన్ని.

అందరం ఆగాం. తెర మీద ఆకాశం, దాని మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్క వరుసే కింది నుంచి పైకి పోతున్నాయి. తెలుగు కాదు, ఒడియా కాదు, ఇంగ్లీషూ కాదు.

"ఏమిటివి మావుసీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పేర్లు బావు. ఈ ఆట సేసినోల్ల పేర్లు. మా తమ్ముడు సెప్పినాడు. ఆకరిదాకా ఎల్లినోల్లకే అవుపిస్తాయి." పెట్టె దిగి, కొంగు విప్పి భుజం నిండా కప్పుకుంది. "ఎక్కడో దూరదేశంలో కూకుని ఇంత పని సేసినారు. అయిపోనీండి. అప్పుడెల్దాం."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. స్టూలు మీద కూర్చున్న హెడ్మాస్టరుగారు లేచి నిలబడ్డారు. కుర్రాళ్ళు గెంతడం ఆపేశారు. ఆ పేర్లలో ఒక్కటి కూడా మాలో ఎవరికీ చదవడం రాదు. చివరి పేరు పైకెళ్ళి, తెర ఖాళీ అయ్యేదాకా ఎండుచేపల వాసనలో అందరం అలాగే నిలబడి ఉన్నాం.